నెలకు రెండు రోజుల సైనికుడు, నెలంతా నడిచే సాఫ్ట్‌వేర్: రిజర్వు దళాల కంప్యూటర్ వ్యవస్థలు ఎక్కడ తడబడ్డాయి

2003 నవంబరులో అమెరికా కాంగ్రెస్‌కు ఒక ఆడిట్ నివేదిక అందింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పూర్తికాల విధులకు పిలిచిన ఆర్మీ నేషనల్ గార్డ్ (రాష్ట్రాల అధీనంలో ఉండే పార్ట్‌టైమ్ సైన్యం) యూనిట్లలో ఆరింటిని ఎంచుకుని, మన కాగ్‌కు సమానమైన అక్కడి ఆడిట్ కార్యాలయం 481 మంది సైనికుల జీతాల లెక్కలను పరిశీలించింది. వారిలో 450 మంది విషయంలో కనీసం ఒక్క పొరపాటైనా దొర్లింది. కొందరికి తక్కువ పడింది, కొందరికి ఎక్కువ పడింది, మరికొందరికి నెలల తరబడి ఆలస్యమైంది. మరుసటి ఏడాది ఆగస్టులో అదే కార్యాలయం నేరుగా కేంద్రం కింద ఉండే పార్ట్‌టైమ్ దళమైన ఆర్మీ రిజర్వు యూనిట్లను ఎనిమిదింటిని చూస్తే 348 మందిలో 332 మందికి ఇదే అనుభవం ఎదురైనట్టు తేలింది. నూటికి తొంభై అయిదు మందికి జీతం తప్పుగా అందే వ్యవస్థలో అది గుమాస్తాల అజాగ్రత్త అని సరిపెట్టుకోవడం కుదరదు. ఆ వ్యవస్థ అసలు ఎవరి కోసం తయారైంది అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

కొలరాడో రాష్ట్రానికి చెందిన ఒక ప్రత్యేక దళాల యూనిట్ సంగతి ఆ మొదటి నివేదికలోనే ఉంది. జీతాల సిబ్బంది, ఇతర అధికారులు చేసిన పొరపాట్ల మూలంగా ఆ యూనిట్‌లోని 34 మందికి ప్రభుత్వానికి తలా సగటున 48 వేల డాలర్లు బాకీ ఉన్నారంటూ నోటీసులు వెళ్లాయి. మొత్తం కలిపితే సుమారు 16 లక్షల డాలర్ల లేని అప్పు. యుద్ధానికి పంపిన ప్రభుత్వమే ఆ సైనికులను బాకీదార్ల జాబితాలో చేర్చింది. రిజర్వు దళాల సమాచార సాంకేతికత అనగానే ఉపగ్రహాలు, రహస్య సంకేతాలు, యుద్ధరంగ తెరలు గుర్తుకు రావచ్చు. ఆ దళాలను నిజంగా కుంగదీసినవి మాత్రం జీతం, సిబ్బంది రికార్డు, నియామకం, లాగిన్ వంటి సాదాసీదా వ్యవస్థలే. వాటి ప్రణాళికలో, కొనుగోలులో జరిగిన తప్పులకు ఒక ఉమ్మడి మూలం కనిపిస్తుంది: అవసరాల పత్రం, అంటే కొనబోయే వ్యవస్థ ఏమేం చేయాలో చెప్పే పత్రం, రాసినవారు పూర్తికాల సైనికుణ్ణి ప్రమాణంగా తీసుకుని, రిజర్వు సైనికుణ్ణి మినహాయింపుగా చూశారు.

ఆ మినహాయింపు ఎంత పెద్దదో అర్థం కావాలంటే రిజర్వు సైనికుడి ఏడాది ఎలా గడుస్తుందో చూడాలి. అమెరికా లెక్కలో అది నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాల శిక్షణ. ఒక వారాంతాన్ని నాలుగు శిక్షణ పూటలుగా లెక్కగడతారు. అలా ఏడాదికి 48 పూటలు, వాటికి వార్షిక శిక్షణ కలిపితే సుమారు 39 రోజులు. మిగిలిన రోజుల్లో ఆ మనిషి పోలీసు కావచ్చు, నర్సు కావచ్చు, ట్రక్కు డ్రైవరు కావచ్చు. నేషనల్ గార్డ్ అయితే చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. వరదల సమయంలో గవర్నరు ఆదేశంతో రాష్ట్ర విధిలో ఉండవచ్చు. అప్పుడు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. శిక్షణలో ఉన్నప్పుడు గవర్నరు అధీనంలోనే ఉంటూ కేంద్ర నిధులతో జీతం అందుకుంటాడు. అధ్యక్షుడి ఆదేశంపై విదేశానికి వెళ్లినప్పుడు పూర్తిగా కేంద్ర సైనికుడు. ఒకే యూనిఫాం, ఒకే మనిషి, ఒకే ఏడాది. చట్టం దృష్టిలో మాత్రం మూడు హోదాలు. ఒక్కో హోదాకు వేరే భత్యాలు, వేరే వైద్య సదుపాయం, వేరే పింఛను లెక్క.

హోదా మారినప్పుడు డబ్బు వచ్చే పద్దు కూడా మారుతుంది. అమెరికా కాంగ్రెస్ బడ్జెట్‌లో ఆర్మీ సిబ్బందికి ఒక పద్దు, ఆర్మీ రిజర్వు సిబ్బందికి ఒక పద్దు, నేషనల్ గార్డ్ సిబ్బందికి మరొక పద్దు ఉంటాయి. శిక్షణ వారాంతానికి రిజర్వు పద్దు నుంచి జీతం ఇస్తారు. అదే సైనికుణ్ణి యుద్ధానికి సమీకరిస్తే ఆర్మీ పద్దు నుంచి ఇవ్వాలి. ఒక పద్దు సొమ్ము మరో పద్దులో పడితే అది చట్ట ఉల్లంఘనకు దారితీసే వ్యవహారం. కాబట్టి జీతాల వ్యవస్థలు కూడా పద్దుల గోడల వెంటే పెరిగాయి. పూర్తికాల సైనికులకు ఒకటి, రిజర్వు, గార్డ్ సైనికులకు మరొకటి. రెండూ పాత కోబాల్ భాషలో రాసి, మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కేంద్ర కంప్యూటర్ల మీద నడిపే వ్యవస్థలు. రెండోది నెలకు నాలుగు శిక్షణ పూటలకు జీతం లెక్కగట్టడానికి పుట్టింది తప్ప, ఒక సైనికుణ్ణి ఏడాది పాటు యుద్ధరంగంలో ఉంచి ప్రతి నెలా అన్ని భత్యాలతో జీతం ఇవ్వడానికి పుట్టలేదు. సమీకరణ జరిగినప్పుడు వేల మందిని రెండో వ్యవస్థలోంచి మొదటి వ్యవస్థలోకి మార్చే బదులు, రెండో దానినే సాగదీసి వాడారు.

సాగదీసిన చోటల్లా కుట్లు ఊడాయి. కఠిన ప్రాంతాల్లో పనిచేసేవారికి ఇచ్చే భత్యాన్ని ఆ వ్యవస్థ తనంతట తాను ప్రతి నెలా చెల్లించలేకపోయింది. ఒక గుమాస్తా ప్రతి సైనికుడి పేరు మీద ప్రతి నెలా దాన్ని మళ్లీ చేత్తో ఎక్కించాలి. గుమాస్తా ఒక నెల మరిచిపోతే భత్యం ఆగిపోతుంది. సైనికుడు ఇంటికి తిరిగొచ్చాక కూడా అలవాటుగా ఎక్కిస్తూ పోతే అదనపు చెల్లింపు పేరుకుపోయి, ఏడాది తర్వాత రికవరీ నోటీసుగా ఇంటికి వస్తుంది. యుద్ధ మండలంలో ఉన్న సైనికుడి జీతానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. ఆ మినహాయింపును జీతం లెక్కగట్టే సమయంలోనే అమలు చేసే వీలు లేక, ముందు పన్ను కోసి, తర్వాత నెలలో వాపసు చేసేవారు. ప్రతి అడ్డదారీ కాగితం మీద చిన్నదే. ఒక యూనిట్‌లో వందమంది, పది నెలల సమీకరణ, నెలకు రెండు మూడు చేతి నమోదులు అనుకుంటే, పొరపాటుకు వేల అవకాశాలు. 481లో 450 అన్న సంఖ్య అక్కడి నుంచి వచ్చింది.

గాయపడినవారి పరిస్థితి ఇంకా దారుణం. సమీకరణ ఉత్తర్వుకు ఒక ముగింపు తేదీ ఉంటుంది. ఆ తేదీ నాటికి సైనికుడు ఆసుపత్రిలో ఉంటే, చికిత్స కోసం విధిని పొడిగిస్తూ కొత్త ఉత్తర్వు రావాలి. కాగితం ఆలస్యమైతే కంప్యూటర్ పాత తేదీని చూసి జీతం ఆపేస్తుంది. జీతంతో పాటే కుటుంబానికి వైద్య సదుపాయం కూడా ఆగిపోవచ్చు. పూర్తికాల సైనికుడికి ఈ బాధ లేదు, ఎందుకంటే ఆసుపత్రిలో చేరినంత మాత్రాన అతడి నియామకం ముగిసిపోదు. రిజర్వు సైనికుడి విషయంలో ఎవరూ ఏమీ చేయకపోతే సొంతంగా జరిగే పని ‘ఆపడం’. పూర్తికాల సైనికుడి విషయంలో ‘కొనసాగించడం’. అవసరాల పత్రంలో ఒక వాక్యంగా రాయదగిన తేడా ఇది. ఆ వాక్యం రాసే బాధ్యత ఎవరిదో తేల్చకపోవడమే అసలు ప్రణాళికా లోపం.

వ్యవస్థ పాతబడటమే కారణమన్న వాదన తేలిగ్గా వినిపిస్తుంది. అది సగం నిజమే. అమెరికా మెరైన్ కోర్ కూడా మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే పాత వ్యవస్థనే వాడింది. అయితే ఆ వ్యవస్థలో పూర్తికాల మెరైన్, రిజర్వు మెరైన్ ఒకే చోట ఉంటారు; సిబ్బంది రికార్డు, జీతం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. సిబ్బంది విభాగంలో హోదా మారితే జీతం వైపు కూడా మారుతుంది. అంటే తేడా చేసేది యంత్రం వయసు కంటే డేటా ఏర్పాటు. ఆర్మీలో ఉత్తర్వులు ఒక వ్యవస్థలో, సిబ్బంది వివరాలు మరొక దానిలో, జీతం ఇంకొక దానిలో ఉండేవి. మధ్యలో కాగితాలు పట్టుకుని తిరిగే గుమాస్తానే వాటిని కలిపే వంతెన. ఈ సంగతి ముందే తెలిసి ఉన్నా, కొత్తది కొనాలన్న ఉత్సాహం ముందు అది నిలవలేదు.

కొత్తది కొనే ప్రయత్నాలు అంతకు చాలా ముందే మొదలయ్యాయి. 1980ల చివర్లో గార్డ్, రిజర్వు యూనిట్ల రోజువారీ పాలనకు, సమీకరణ ప్రణాళికకు వారికే సొంతమైన కంప్యూటర్ వ్యవస్థ ఉండాలని కాంగ్రెస్ పట్టుబట్టింది. దాని నిర్వహణను ఆర్మీ ప్రధాన కార్యాలయానికి వదలకుండా నేషనల్ గార్డ్ బ్యూరో చేతికి అప్పగించింది. దీని వెనుక రాజకీయం ఉంది. ఉమ్మడి కొనుగోలు అయితే ముందు పూర్తికాల సైన్యానికి పంచి, మిగిలితే తమకు విదిలిస్తారన్నది రిజర్వు వర్గాల చిరకాల అనుమానం. పరికరాల విషయంలోనూ ఇదే అనుమానం కారణంగా 1980ల ఆరంభం నుంచి గార్డ్, రిజర్వు పరికరాలకు కాంగ్రెస్ ప్రత్యేక పద్దు కేటాయిస్తూ వస్తోంది. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. కానీ విడిగా కొనడానికి కూడా ఒక ఖరీదు ఉంటుంది.

రిజర్వు దళాల ఆటోమేషన్ వ్యవస్థగా పిలిచిన ఆ ప్రాజెక్టు కాంట్రాక్టు 1991లో బోయింగ్ సంస్థ కంప్యూటర్ విభాగానికి దక్కింది. విలువ వంద కోట్ల డాలర్లకు పైమాటే. అవసరాల పత్రం రాసే నాటి సాంకేతికతకు తగ్గట్టు కేంద్ర యంత్రం, దానికి వేలాడే టెర్మినళ్లు, వివిధ స్థాయుల రహస్య సమాచారాన్ని ఒకే యంత్రంలో వేరుచేసి ఉంచే భద్రతా ఏర్పాటు అందులో ఉన్నాయి. వాటిని అమర్చే సమయానికి బజారులో సాధారణ పర్సనల్ కంప్యూటర్ల ధర పడిపోయింది. వాటి సామర్థ్యం పెరిగిపోయింది. ఊరి చివర ఉండే ఒక గార్డ్ కార్యాలయానికి, హాజరు పట్టీ నమోదు చేసుకునే చోటికి, బహుళ స్థాయి రహస్య భద్రత ఎందుకన్న ప్రశ్నకు సరైన జవాబు ఎవరి దగ్గరా లేదు. 1990ల మధ్యలో సమీక్ష జరిపి, మొత్తం ప్రణాళికను సాధారణ కంప్యూటర్లకు, బజారులో దొరికే సాఫ్ట్‌వేర్‌కు మళ్లించాల్సి వచ్చింది.

దాన్ని పూర్తి వైఫల్యం అనడం న్యాయం కాదు. దేశమంతటా చెదిరి ఉన్న వేలాది చిన్న కార్యాలయాలకు నెట్‌వర్క్, కంప్యూటర్లు చేరవేసింది ఆ ప్రాజెక్టే. అయితే జీతం దాని పరిధిలో లేదు. గార్డ్, రిజర్వు యూనిట్లకు సొంత వ్యవస్థ వచ్చింది. కానీ సైనికుడు యూనిట్ గడప దాటి పూర్తికాల సైన్యంలోకి అడుగుపెట్టే క్షణంలో ఏం జరగాలన్నది ఆ సొంత వ్యవస్థ చూసుకునే పని కాలేదు. విడిగా కొనుక్కున్నవారికి తమ ఇంటి లోపల అంతా సవ్యంగానే కనిపిస్తుంది. లోపం ఉండేది రెండిళ్ల మధ్య.

రెండో ప్రయత్నం దీనికి సరిగ్గా విరుద్ధం. 1991 గల్ఫ్ యుద్ధంలో సమీకరించిన రిజర్వు సైనికుల జీతాల్లో, రికార్డుల్లో వచ్చిన గందరగోళాన్ని చూసి, అన్ని దళాలకూ, పూర్తికాల, రిజర్వు సైనికులందరికీ కలిపి ఒకే సిబ్బంది, జీతాల వ్యవస్థ ఉండాలని అమెరికా రక్షణ శాఖ 1990ల చివర్లో నిర్ణయించింది. డైమర్స్ అన్న పొడి అక్షరాల పేరుతో మొదలైన ఈ ప్రాజెక్టు ముప్పై లక్షల పైచిలుకు మందిని ఒకే రికార్డు కిందికి తేవాలనుకుంది. కొత్తగా రాయించే బదులు కంపెనీలు సిబ్బంది పనులకు వాడే పీపుల్‌సాఫ్ట్ అనే రెడీమేడ్ ప్యాకేజీని తీసుకోవాలన్నది వ్యూహం. ఒకప్పుడు అమీర్‌పేట శిక్షణ కేంద్రాల బోర్డులపై వెలిగిన పేరే అది. ఆ బోర్డుల కింద చదువుకున్న తెలుగువారికి ఇక్కడి చిక్కు వెంటనే బోధపడుతుంది. ప్యాకేజీని ఉన్నదున్నట్టు వాడితే చౌక. సంస్థ అలవాట్లకు తగ్గట్టు మార్చుకుంటూ పోతే ప్రతి మార్పూ రేపటి అప్‌గ్రేడ్‌కు అడ్డుగోడ. ఒక కంపెనీ ఉద్యోగి ఏడాదిలో మూడు చట్టాల కింద మూడు రకాల ఉద్యోగిగా మారడు. రెడీమేడ్ ప్యాకేజీలో దానికి గది ఉండదు.

2003లో నార్త్‌రప్ గ్రమ్మన్ సంస్థకు అభివృద్ధి పని దక్కింది. 2005లో ఆడిట్ కార్యాలయం ఈ ప్రాజెక్టును పరిశీలించి లేవనెత్తిన అభ్యంతరాలు సాంకేతికమైనవి తక్కువ, పాలనాపరమైనవి ఎక్కువ. అవసరాల పత్రానికి, రూపకల్పనకు మధ్య పొంతన పూర్తిగా సరిచూడలేదు. ఆ వ్యవస్థను వాడాల్సిన దళాలు అవసరాలపై పూర్తి అంగీకారం తెలపలేదు. మొత్తానికి జవాబుదారీగా నిలిచే అధికార కేంద్రం సరిగ్గా ఏర్పడలేదు. ముందు ఎవరు మారాలి అంటే ఆర్మీ వైపు వేలు చూపారు. తమ సమీకృత వ్యవస్థ బాగానే నడుస్తున్నప్పుడు దాన్ని వదులుకోవడం మెరైన్లకు ఇష్టం లేకపోయింది, వారిని తప్పుపట్టడం కూడా కష్టం. ఆర్మీలో ప్రారంభ తేదీ పలుమార్లు వాయిదా పడింది. 2010 ఫిబ్రవరిలో ప్రాజెక్టును రద్దు చేశారు. అప్పటి రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ కాంగ్రెస్ ఎదుట, యాభై కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి తాము సంపాదించింది నోరు తిరగని ఒక పేరు మాత్రమేనని విసుగ్గా ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంటుంది. విడివిడిగా కొన్నా ఫలించలేదు, అందరికీ కలిపి కొన్నా ఫలించలేదు కాబట్టి మధ్యేమార్గం మేలని తేల్చేయడం. తర్వాత జరిగింది చూస్తే, పరిధి ఎంత అన్నదానికంటే ఎవరితో మొదలుపెట్టాలి అన్నదే ఎక్కువ పనిచేసిందని తోస్తుంది. డైమర్స్ శిథిలాల్లోంచి ఆర్మీ తన వరకు తాను కొత్త సమీకృత సిబ్బంది, జీతాల వ్యవస్థను తలపెట్టింది. ఆధారం మళ్లీ పీపుల్‌సాఫ్టే. అయితే ఈసారి పూర్తికాల సైన్యంతో కాకుండా నేషనల్ గార్డ్‌తో మొదలుపెట్టారు. అప్పటివరకు గార్డ్ సిబ్బంది వివరాలు యాభై రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్, ప్యూర్టోరికో, గ్వామ్, వర్జిన్ దీవులు కలిపి 54 వేర్వేరు డేటాబేసుల్లో ఉండేవి. ఒక సైనికుడు ఒహాయో నుంచి టెక్సాస్‌కు కాపురం మారిస్తే అతడి రికార్డు కొత్త చోట మళ్లీ కుదురుకోవాల్సి వచ్చేది. 2019 జనవరిలో పెన్సిల్వేనియాతో మొదలై 2020 మార్చి నాటికి ఆ 54 కూడా ఒకే వ్యవస్థలోకి వచ్చాయి.

ఈ వరుసక్రమం వెనుక ఉన్న తెలివిని తక్కువ అంచనా వేయకూడదు. గార్డ్ సైనికుడి హోదా మార్పులను భరించగల రికార్డు నమూనా పూర్తికాల సైనికుణ్ణి సునాయాసంగా భరిస్తుంది, ఎందుకంటే పూర్తికాల సైనికుడు ఆ నమూనాలో మార్పులు తక్కువగా ఉండే ఒక సాదా కేసు. దీన్ని తిరగేసి చేస్తే ప్రతి మార్పూ తర్వాత అతికించిన అతుకే అవుతుంది. డేటా శుభ్రత విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. యాభై నాలుగు చోట్ల యాభై నాలుగు అలవాట్లతో నింపిన పేర్లను, తేదీలను, పదోన్నతి వివరాలను సరిచేసే పని ఏ టెండరులోనూ ఆకర్షణీయంగా కనిపించదు, కానీ అసలు సమయం తినేది అదే.

పూర్తికాల ఆర్మీ, ఆర్మీ రిజర్వు కలిసే దశ మాత్రం 2021 చివరి నుంచి వాయిదా పడుతూ పడుతూ 2023 జనవరి 17న మొదలైంది. మార్పిడి కోసం అంతకు ముందు పాత వ్యవస్థల్లో నమోదులు కొంతకాలం స్తంభింపజేశారు. ఆ కాలంలో పేరుకున్న పదోన్నతులు, బదిలీలు, సెలవులు కొత్త వ్యవస్థ తలుపు తెరవగానే ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అలాంటి స్తంభన రిజర్వు యూనిట్‌పై వేరేగా పడుతుంది. పూర్తికాల బెటాలియన్‌కు నెలలో ఇరవైకి పైగా పనిదినాలు. పేరుకున్న ఫైళ్లను రెండు వారాల్లో ఊడ్చేయగలదు. రిజర్వు యూనిట్‌లో ఎక్కువమంది ఒకచోట కనిపించేది నెలకు రెండు రోజులే కాబట్టి, అదే ఊడ్పుకు నెలలు పడుతుంది. మరో సంగతి: ఆ దశతో పదకొండు లక్షల మందికి సంబంధించిన సిబ్బంది రికార్డు ఒకటైంది కానీ, జీతం చెక్కును లెక్కగట్టే పని పాత వ్యవస్థల చేతిలోనే ఉండిపోయింది. 2003 నాటి నివేదిక వేలెత్తి చూపిన కుట్టు ఇరవై ఏళ్ల తర్వాత కూడా పూర్తిగా మూసుకోలేదు.

బ్రిటన్ అనుభవం మరో కోణం చూపుతుంది. అక్కడ దెబ్బతిన్నది జీతం కాదు, నియామకం. 2012లో బ్రిటన్ సైన్యం నియామకాల పనిని కాపిటా అనే ప్రైవేటు సంస్థకు పదేళ్ల కాలానికి 49.5 కోట్ల పౌండ్ల కాంట్రాక్టుపై అప్పగించింది. అదే సమయంలో పూర్తికాల సైన్యాన్ని కుదించి, శిక్షణ పొందిన ఆర్మీ రిజర్వును సుమారు 19 వేల నుంచి 30 వేలకు పెంచాలన్న విధానం ప్రకటించారు. అంటే రిజర్వు నియామకం ఎన్నడూ లేనంత వేగం పుంజుకోవాల్సిన వేళలోనే దాని యంత్రాంగం మొత్తం చేతులు మారింది. కాపిటా సాఫ్ట్‌వేర్‌కు కావాల్సిన సర్వర్లు, నెట్‌వర్క్ వసతిని రక్షణ శాఖే అందించాలని ఒప్పందం. ఆ పని శాఖ అప్పటికే వేరే సరఫరాదార్ల కూటమితో కుదుర్చుకున్న మరో పెద్ద కాంట్రాక్టుపై ఆధారపడింది. వసతి సమయానికి అందలేదు. రక్షణ మంత్రి ఫిలిప్ హామండ్ 2014 జనవరిలో పార్లమెంటులో ఈ ఐటీ చిక్కుల గురించి వివరణ ఇవ్వాల్సి వచ్చింది. చివరకు ఆన్‌లైన్ నియామక వ్యవస్థ 2017 నవంబరులో మొదలైంది, అనుకున్నదానికి 52 నెలల ఆలస్యంగా. మొదలయ్యాక కూడా దరఖాస్తులు పడిపోయాయని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2018 డిసెంబరు నివేదికలో నమోదు చేసింది.

ఒక కాంట్రాక్టు మరొకదానిపై ఆధారపడి ఉన్నప్పుడు ఆలస్యానికి ఎవరు పూచీ అన్నది ముందే తేల్చుకోకపోవడం పాత తప్పే, సైన్యానికే పరిమితమైనదీ కాదు. రిజర్వు దళానికి ప్రత్యేకమైన నష్టం వేరే ఉంది. అంతకు ముందు రిజర్వు యూనిట్లు తమ ఊళ్లో తామే మనుషులను వెతుక్కునేవి. స్థానిక కేంద్రానికి వచ్చిన కుర్రాణ్ణి ఒక సార్జెంటు కూర్చోబెట్టి మాట్లాడి, ఫారాలు నింపించి, వైద్య పరీక్షకు పంపి, మధ్యమధ్యలో ఫోన్ చేసి వెంటబడేవాడు. కొత్త పద్ధతి దీన్ని కేంద్రీకరించి వెబ్‌సైట్, కాల్ సెంటర్ల వైపు మళ్లించింది. స్థానిక నియామక కార్యాలయాలను తగ్గించింది. పూర్తికాల సైన్యంలో చేరాలనుకునేవాడు ఉద్యోగం కోసం వస్తాడు. నెలల తరబడి ఎదురుచూడటానికి అతడికి కారణం ఉంటుంది. రిజర్వులో చేరాలనుకునేవాడికి ఉద్యోగం ముందే ఉంది. మూడు నెలలు జవాబు రాకపోతే ఆసక్తి చల్లారి, వారాంతాలు మరో పనికి కేటాయించుకుంటాడు. ఒక దరఖాస్తు ఎన్ని రోజులు తెరిచి ఉందన్నది ఒక వర్గంలో అసౌకర్యం, మరో వర్గంలో నేరుగా నష్టం. ఒకే ప్రక్రియ, ఒకే గడువు, ఒకే తెర అన్న పొదుపు ఆలోచన ఈ తేడాను మింగేసింది.

రిజర్వు సైనికుడికి వ్యవస్థ ఉన్నా అందులోకి ప్రవేశం దొరకని సమస్య అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది. అమెరికా సైన్యంలో కంప్యూటర్‌లోకి వెళ్లడానికి చిప్ ఉన్న గుర్తింపు కార్డు కావాలి; ఇంటి నుంచి వెళ్లాలంటే కార్డ్ రీడర్ కొనుక్కుని, సర్టిఫికెట్లు ఎక్కించుకుని, బ్రౌజరుతో కుస్తీ పట్టాలి. రక్షణ శాఖ భద్రతా నిబంధనల ప్రకారం 35 రోజులు వాడని ఖాతాను నిలిపివేయాలి. వాడని ఖాతా చొరబాటుదారుకు తెరిచిన తలుపే కనుక నియమం వెనుక ఉన్న కారణం నిజమైనదే. కానీ ఒక నెల మొదటి వారాంతంలో శిక్షణ జరిగి, తర్వాతి నెల రెండో వారాంతంలో మళ్లీ జరిగితే మధ్య విరామం అయిదు వారాలు, ఒక్కోసారి ఆరు. శనివారం ఉదయం యూనిట్‌కు వచ్చిన సైనికుడికి ఖాతా స్తంభించిందని తెలుస్తుంది. దాన్ని తెరిపించే సహాయక కేంద్రానికి ఫోన్ చేస్తే ముందు వరుసలో అదే యూనిట్ వాళ్లు పది మంది ఉంటారు. సైబర్ భద్రతా శిక్షణ గడువు దాటితే ఖాతా మూతపడుతుంది; ఆ శిక్షణ పూర్తి చేయడానికి సమయం దొరికేది ఇంట్లో, జీతం లేని వేళల్లో.

సామర్థ్య అంచనాలోనూ ఇదే దెబ్బ. వారం రోజుల సగటు చూస్తే రిజర్వు కార్యాలయంలో ఇంటర్నెట్ వినియోగం నామమాత్రం. కాబట్టి సన్నటి లైను చాలని లెక్క తేలుతుంది. శనివారం ఉదయం ఎనిమిదికి రెండు వందల మంది ఒకేసారి లాగిన్ అయితే ఆ సగటుకు అర్థం ఉండదు. వినియోగదారులకు లైసెన్సులు తలకు ఇంత చొప్పున కొనేటప్పుడు ఇది తిరగబడుతుంది: నెలకు రెండు రోజులు వాడేవాడికి నెలంతా వాడేవాడి ధర కట్టాలి. ఆదా కోసం రిజర్వు సైనికులకు చౌక రకం లైసెన్సు ఇద్దామంటే, సమీకరణ ఉత్తర్వు వచ్చిన రోజున వారందరికీ ఒకేసారి పూర్తి రకం కావాలి. హోదాతో పాటే లైసెన్సు మారేలా ఒప్పందంలోనే రాసుకోకపోతే సరఫరాదారు ఆ రోజున అడిగిందే ధర. ఈ మధ్య కాలంలో గార్డ్, రిజర్వు సైనికులు సొంత ఫోన్ నుంచి, సొంత కంప్యూటర్ నుంచి క్లౌడ్‌లోని డెస్క్‌టాప్‌ను చూసే ఏర్పాట్లను ఆర్మీ ప్రవేశపెట్టింది. సమాచారం ఫోన్‌లో నిలవదు, తెర మీద మాత్రమే కనిపిస్తుంది. పెద్ద ప్రాజెక్టుల పక్కన ఇది చిన్న కొనుగోలు. అయినా నెలలో మిగిలిన ఇరవై ఎనిమిది రోజులూ సైనికుడు ఎక్కడుంటాడో ఆలోచించి చేసిన అరుదైన కొనుగోలు.

భద్రత గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2022 మార్చిలో బ్రిటన్ సైన్యం తన ఆన్‌లైన్ నియామక వ్యవస్థను మూసివేసింది. వంద మందికి పైగా అభ్యర్థుల వివరాలు డార్క్ వెబ్‌లో అమ్మకానికి కనిపించడమే కారణం. మూత వారాల పాటు సాగింది. అప్పటిదాకా కాగితం, సార్జెంటు చూసుకున్న పనిని ఒకే వెబ్‌సైట్‌పై ఆధారపడేలా చేసినప్పుడు, ఆ వెబ్‌సైట్ మూతపడితే ఏం చేయాలన్న ప్రత్యామ్నాయం కూడా అదే కాంట్రాక్టులో ధర కట్టి ఉండాలి.

ఇవన్నీ చివరకు అవసరాల పత్రం దగ్గరికి, దాన్ని పరీక్షించే పద్ధతి దగ్గరికి వస్తాయి. అమెరికా రక్షణ బడ్జెట్ ఏడాదిన్నర, రెండేళ్ల ముందే రూపుదిద్దుకుంటుంది. పరిశోధన, కొనుగోలు, నిర్వహణ నిధులు వేర్వేరు పద్దుల్లో వస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడింటి మధ్య గీత గీయడమే కష్టం. దానికి తోడు ఆర్మీ, రిజర్వు, గార్డ్‌లకు నిర్వహణ పద్దులు కూడా వేరు. ఒక ఉమ్మడి వ్యవస్థలో రిజర్వుకు మాత్రమే అవసరమైన ఒక మార్పు కావాలంటే ఎవరి పద్దు నుంచి ఇవ్వాలన్న చర్చ మొదలై, మార్పు వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. ఈ కారణంగానే రిజర్వు ప్రతినిధి సమావేశంలో ఉండటం ఒక్కటే సరిపోదు. మార్పుల క్రమాన్ని నిర్ణయించే బోర్డులో ఓటు ఉండాలి, ఆ ఓటు వెనుక కేటాయించిన డబ్బు ఉండాలి.

అంగీకార పరీక్షలోనూ అదే లెక్క. సరఫరాదారుకు బిల్లు చెల్లించే ముందు వ్యవస్థను పరీక్షించే నమూనా సైనికుడు ఎవరన్నది కాంట్రాక్టులోనే రాసుకోవచ్చు. జనవరిలో శిక్షణ పూటలకు హాజరై, మార్చిలో వరదల కోసం రాష్ట్ర విధికి వెళ్లి, మేలో కేంద్ర ఉత్తర్వుపై విదేశానికి చేరి, సెప్టెంబరులో గాయపడి, ఉత్తర్వు గడువు ముగిశాక కూడా ఆసుపత్రిలో ఉండి, మరుసటి ఏడాది వేరే రాష్ట్రానికి కాపురం మార్చిన గార్డ్ సైనికుడు ఆ నమూనా అయితే, అతడికి ప్రతి నెలా సరైన పద్దు నుంచి సరైన మొత్తం, చేతి నమోదు ఒక్కటీ లేకుండా పడిందా అన్నదే పరీక్ష. ఈ ఒక్క రికార్డు దాటగలిగిన వ్యవస్థకు పూర్తికాల సైనికుడి జీతం కష్టమైన పని కాదు. దాటలేకపోతే ఆ సంగతి ప్రయోగశాలలోనే, చెల్లింపు జరగకముందే తెలుస్తుంది. ఇలాంటి పరీక్ష రాయడానికి ఇంజినీరు కంటే ముందు, ఒక రిజర్వు యూనిట్‌లో పదేళ్లు జీతాల ఫైళ్లు చూసిన గుమాస్తా అవసరం. అవసరాల పత్రం తయారయ్యే గదిలోకి ఆ గుమాస్తాను రప్పించడానికి కూడా శిక్షణ ఉత్తర్వు, జీతం, పద్దు సంఖ్య కావాలి.